ఉద్దానపు ముంతమామిడి

మన ఆలంకారికులు కవిత్వమునకు మూడు పాకములు చెప్పిరి. నోట వేసికొన్నంతనే రసమూరునది ద్రాక్షాపాకము. తోలు వలిచిన పిమ్మట తీపినిచ్చునది కదళీపాకము. పీచు తీసి, చిప్ప పగులగొట్టినగాని రుచి తెలియనిది నారికేళపాకము. చిన్ననాడు మా తండ్రిగారు మాకు కావ్యములు చెప్పుచు ఈ భేదములను విప్పి చెప్పినప్పుడు, మా పెరటిలోని మరియొక ఫలము మాకు జ్ఞప్తికి వచ్చెడిది. దాని పండు ద్రాక్షవలె రసభరితము. దాని పిక్కయో, నారికేళమునకు తీసిపోని కఠినము. అంతియకాక ముట్టినవారి చేతిని కాల్చునది. దీనిని ఏ పాకమందురని మేమడిగితిమి. "ఆలంకారికులు దాని నెరుగరమ్మా! అది వారి తరువాత ఓడ దిగి వచ్చినది" అని ఆయన నవ్విరి. ఆ ఫలమే ముంతమామిడి. దానినే జీడిమామిడి యందురు. ఆ చెట్టునకు పుట్టినిల్లు కాకున్నను మెట్టినిల్లైన మా యుద్దానమును గురించియు, ఆ పప్పు మన వంటింటికి వచ్చు త్రోవను గురించియు సోదరీమణులకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఒక్కొక్క నేలకు ఒక్కొక్క ఫలము పేరు తెచ్చుట లోకమునందంతటను కలదు. ఐరోపా ఖండమున, ఆల్ప్స్ పర్వతముల నడుమ, స్విట్జర్లాండు దేశములో వాలే అను సీమ యున్నది. రోన్ నది దాని మధ్యగా ప్రవహించును. ఇరువైపుల కొండవాలులను మెట్లు మెట్లుగా చెక్కి, సున్నము లేకుండ రాళ్లు పేర్చి గోడలు కట్టి, అచటివారు ద్రాక్ష పెంచుచున్నారు. ఆ లోయలో వర్షము తక్కువ. కావున పైనున్న మంచుకొండల నీటిని మైళ్లకొలది కాలువలలో త్రిప్పి తోటలకు తెచ్చుకొనిరి. విస్పర్‌టెర్మినెన్ అను గ్రామమున తోటలు సముద్రమట్టమునకు 1,100 మీటర్లకు పైగా ప్రాకినవి. అచటివారు తమ ద్రాక్షను ఉత్తి ద్రాక్ష యనరు. ఒకటి పెటీత్ ఆర్వీన్, ఆలస్యముగా పండునది. ఒకటి షాస్లా, దానికి ఆ సీమలో ఫాందా అని ముద్దుపేరు. ఒకటి హైదా, ఎత్తైన తోటలలో పండునది. మన యిండ్లలో ఆవులకు పేర్లున్నట్లు వారి తీగలకు పేర్లున్నవి. 1860 ప్రాంతమున అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను పురుగు ఐరోపాలోని ద్రాక్షతీగల వేళ్లను తినివేసి తోటలను ఎండగట్టగా, ఆ పురుగునకు లొంగని అమెరికా తీగల వేళ్లపై తమ పాత రకములను అంటుకట్టి, తోటలను మరల నిలుపుకొనిరి. జాతి నెరిగి పెంచుట, నష్టము వచ్చినప్పుడు అంటుతో నిలుపుకొనుట: ఈ రెండు గుణములను జ్ఞాపకముంచుకొని ఇక మా సీమకు రండు.

టెక్కలినుండి పలాస మీదుగా ఇచ్ఛాపురము వైపు పోవునప్పుడు కుడిచేతి దిక్కున సముద్రము, ఎడమచేతి దిక్కున మహేంద్రగిరి మొదలగు కొండలు. ఈ రెంటి నడుమ వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలములలోని తీరప్రాంతమంతయు ఉద్దానము. ఉద్యానమను మాటయే ప్రజల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. చూచినవారు ఆ మాట కాదనలేరు. కవిటి ప్రాంతమున కొబ్బరి, అచటచట పనస, మామిడి. ఇసుక కలిసిన ఎర్రనేలలలో, మెట్టలమీద, మరియొక పైరు బ్రతుకదనుకొన్నచోట, కొమ్మలు నేల కానునట్లు గొడుగువలె పరచుకొని జీడిచెట్లు.

ఈ చెట్టు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశపు ఈశాన్యతీరము. అచటి తుపీ జాతివారు దీనిని అకజూ అనిరి. పోర్చుగీసువారు కజూ అనిరి. అదియే మన ఉత్తరదేశపు కాజూ. ఆంద్రే తెవే అను ఫ్రెంచి సన్యాసి 1558లో ఈ చెట్టును బొమ్మతో వర్ణించి ఐరోపావారికి తెలిపెను. ఆ శతాబ్దముననే పోర్చుగీసువారు దానిని మన పడమటి తీరమునకు తెచ్చిరి. 1578లో అచ్చైన క్రిస్టొబాల్ అకోస్టా గ్రంథమున కొచ్చిన్ తోటలలో దీనిని చూచినట్లున్నది. తీరపు ఇసుకను కదలకుండ పట్టియుంచుటకే మొదట దీనిని నాటిరని చెప్పుదురు. తుదకు మన తూర్పుతీరమునను అది వేళ్లూనినది. నేడు మన పండుగ పాయసములో జీడిపప్పు లేనిచో వెలితిగా నుండును. కాని మన పూర్వకవుల నాయికలలో ఒక్కరును దానిని రుచి చూచి యెరుగరు!

మన భాషలో దీనికి రెండు పేర్లున్నవి. ముంతవంటి పండు కలది కావున ముంతమామిడి. ఇక జీడి యను మాట ఈ చెట్టు రాకమునుపే మనకు కలదు. చాకలివారు బట్టలకు గుర్తు వేయు నల్లజీడిగింజ నెరుగని గృహిణి పూర్వము లేదు. సంస్కృతమున దాని పేరు భల్లాతకము. దాని రసము పడినచోట బొబ్బలెక్కును. క్రొత్తగా వచ్చిన చెట్టు ఆకు మామిడిని పోలియున్నది, గింజలోని రసము జీడిని పోలియున్నది. కావున మనవారు రెండును కలిపి జీడిమామిడి అనిరి. తరువాత వృక్షశాస్త్రజ్ఞులు పరిశీలించి మామిడి, నల్లజీడి, జీడిమామిడి మూడును ఒక్క కుటుంబములోనివే యని తేల్చిరి. శాస్త్రజ్ఞులు చెప్పిన చుట్టరికమును మన పల్లెవారు పేరు పెట్టునప్పుడే కనిపెట్టినారని మాకు గర్వముగా నున్నది.

ఈ ఫలమునందలి వింత యేమనగా, మనము పండనునది పండు కాదు. పూవు కాడయే ఉబ్బి, ఎర్రగానో పచ్చగానో రంగు తిరిగి, రసము నింపుకొనును. నిజమైన ఫలము దాని కొనను వ్రేలాడు మూత్రపిండాకారపు పిక్క. లోకమున బిడ్డను కడుపులో దాచుకొనని ఫలము ఇదియొక్కటియే కాబోలునని మా అవ్వ అనెడిది. ఆ పిక్కకు కాపుదల అవసరము లేదు. దాని చిప్పలోని గూళ్లలో చిక్కని జీడినూనె యున్నది. పశువుగాని పిల్లవాడుగాని కొరికినచో మరల దాని జోలికి పోరు. మేమే అందులకు సాక్ష్యము. ఏడేండ్ల వయసున, ఉద్దానములోని మా మాతామహుల తోటలో, వద్దన్న పని చేయవలెనను కుతూహలముచే పచ్చి పిక్కను పంట నొక్కితిమి. పెదవులు వాచి, బొబ్బలెక్కి, పది దినములు గంజియే ఆహారమైనది. మా అవ్వ కొబ్బరినూనె రాచుచు "అది తియ్యని గింజే, తినేముందు ఎవరో ఒకరు మండాలి తల్లీ" అన్నది. ఆ మాట యర్థము చాల యేండ్లకుగాని మాకు తెలియలేదు.

ఇక రకముల మాట. మా యుద్దానములోని పాత తోటలు చాలవరకు గింజ నాటి పెంచినవి. గింజమొక్క తల్లిని పోలవలెనను నియమము లేదు. ఒకే తోటలో ఒక చెట్టు పండు ఎరుపు, మరియొకటి పసుపు. ఒక చెట్టు పిక్క బొటనవ్రేలంత, పక్కచెట్టుది చిటికెనవ్రేలి కొనంత. ఒకటి విరగగాయును, ఒకటి ఆకులతో మురిపించి ఊరకుండును. ఒకే పూగుత్తిలో మగపూవులును, ద్విలింగపూవులును కలిసియుండును, ద్విలింగపూవులే కాయలగును. ఏ చెట్టునకు అట్టి పూవులు ఎక్కువయో దానికి కాపు ఎక్కువ. కావున మంచి చెట్టును గుర్తించి, దాని కొమ్మను లేతమొక్కపై అంటుకట్టుటయే తెలివి.

ఈ పనికై మన రాష్ట్రమున బాపట్లలో జీడిమామిడి పరిశోధనస్థానము కలదు. అచట పుట్టిన రకములకు బీపీపీ యని పేరు; వానిలో బీపీపీ-8 మిక్కిలి ప్రసిద్ధము. దాని పిక్క సుమారు 8 గ్రాములు తూగును. నూరు కిలోల పిక్కకు 29 కిలోల వరకు పప్పు వచ్చును. మహారాష్ట్రములోని వేంగుర్లలో పుట్టిన వేంగుర్ల-4, వేంగుర్ల-7 అను రకములును పేరుపడినవి. వేంగుర్ల-7 పిక్క 10 గ్రాముల వరకు తూగును. కర్ణాటకములోని పుత్తూరున జాతీయ పరిశోధనాలయము 1986 నుండి పనిచేయుచున్నది. ఆల్ప్స్ సీమలవారు తమ తీగలను పేరుపెట్టి పిలిచినట్లు, మా తోటలలోని రైతుబిడ్డలుకూడ "ఇది ఫలానా అంటు" అని చెప్పగల దినము రావలెనని మా కోరిక.

ఇప్పుడు తోట విడిచి పలాసకు పోవుదము. పలాస, కాశీబుగ్గ జంటపట్టణములలో జీడిపప్పు తీయు కర్మాగారములు వీధివీధిని కలవు. మాఘమాసపు మంచు తగ్గి ఎండలు ముదిరినంతనే, మార్చి మొదలు మే వరకు, ఉద్దానపు పిక్క 80 కిలోల బస్తాలలో అచటికి చేరును. ఆ పిక్క చాలక ఆఫ్రికాఖండపు దేశములనుండికూడ పిక్కను తెప్పించుకొందురు. అందుచే తమకు ధర పడిపోవుచున్నదని మా రైతుల మొర. మద్దతుధర నిర్ణయింపవలెనని వారు అనేకమారులు కోరియున్నారు.

గడచిన వేసవి సెలవులలో మా వారు బడిపిల్లల తలిదండ్రులను చూడబోవుచుండగా మేమును వెంట వెళ్లి, ఒక కర్మాగారము చూచితిమి. పిక్కలను ముందు రెండు మూడు దినములు ఎండబెట్టుదురు. పిమ్మట ఆవిరిలో ఉడికించుటయో, తిరుగుడు పీపాలో కాల్చుటయో చేయుదురు. అప్పుడు చిప్ప పెళుసై, నూనె కొంత వెడలిపోవును. చల్లారిన పిక్కను కత్తెరయంత్రములో ఒక్కొక్కటిగా నుంచి, చేతితో పిడి నొక్కి, కాలితో తొక్కి రెండుగా విప్పుదురు. లోని పప్పు చిట్లకుండ ముల్లుతో తీయుదురు. ఆ పప్పును కొలిమిగదిలో ఆరబెట్టి, ఎర్రని పొట్టు గీచి, పరిమాణమునుబట్టి ఏరి, గాలి చొరకుండ డబ్బాలకెక్కింతురు. కొన్నిచోట్ల ఇప్పుడు కోయుటకును, పొట్టు తీయుటకును యంత్రములు వచ్చినవి. ఐనను కన్నుతో చూచి, వ్రేలితో ఏరవలసిన పని యింకను స్త్రీలదే. కేరళములోని కొల్లమునందువలెనే ఇచటను పనివారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు.

మేము కూర్చున్న బల్లచెంత ఒక నడివయసు స్త్రీ పిక్కలు కోయుచుండెను. చేతులకు ఆముదము రాచుకొని, పైన బూడిద అద్దుకొన్నది. ఐనను వ్రేళ్లకొనలు నల్లబడి, గోళ్లచుట్టు తోలు లేచియున్నది. తొడుగులు లేవా యని అడిగితిమి. "ఉన్నాయమ్మా. తొడుక్కుంటే పిక్క పట్టు దొరకదు, కిలోలు తగ్గిపోతాయి" అన్నది. కూలి కిలోల లెక్కన గదా! కొంతసేపటికి తానే నవ్వి, "పెళ్లిలో ఆకు ముందు కూర్చుంటే చెయ్యి దాచుకోవాలనిపిస్తాది. ఆకులోని పప్పు నేను తీసిందే అయ్యుంటాది" అన్నది. మా అవ్వ చెప్పిన మాట అప్పుడు మాకు తెలిసివచ్చినది. ఆమె నలిగిన చేతిని చూచుచు మా చేతిలోని పలహారపు పళ్లెమునుండి ఒక్క పప్పును నోట పెట్టలేకపోతిమి.

ఇక్కడ గృహిణులు తెలిసికొనవలసిన లెక్క యొకటి కలదు. డబ్బాపై డబ్ల్యూ-180, డబ్ల్యూ-210, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని వ్రాసియుండును. ఆ యక్షరము తెల్లని గుండుపప్పునకు గుర్తు. ఆ సంఖ్య ఒక పౌనునకు, అనగా సుమారు 454 గ్రాములకు, గరిష్ఠముగా తూగు పప్పుల లెక్క. సంఖ్య తగ్గినకొలది పప్పు పెద్దది, ధర హెచ్చు. డబ్ల్యూ-320 రకము కిలో కొన్నచో అందు సుమారు 700 పప్పులుండును. అనగా 700 మారులు కత్తెర నొక్కవలెను, 700 పప్పుల పొట్టు తీయవలెను. దానికి నాలుగు కిలోల పిక్క పట్టును. రుచియందు గుండునకును బద్దకును ముక్కకును భేదములేదు. పాయసమునకు, పాకమునకు బద్దలు చాలును. పొడికి, మసాలాకు ముక్కలే మేలు. గుండుపప్పు చూపులకు మాత్రమే. ఇంటికి తెచ్చినది తడి తగులని గాజుసీసాలో మూతబిగించి యుంచవలెను. పచ్చి పిక్కలను ఇంటిలో పొయ్యిమీద కాల్చుట మాత్రము కూడదు. నూనె చిమ్మి ముఖమునకు తగులును, పొగ కన్నులకు హాని. ఆ చిప్పనూనెయు వ్యర్థముగాదు. రంగులకు, వార్నీషులకు, వాహనముల బ్రేకులకు దానిని వాడుదురు. పడవల కొయ్యకు పురుగు పట్టకుండ జాలరులు పూసికొనుటయు కలదు.

ఇంతటి సీమకు 2018వ సంవత్సరమున పెద్ద దెబ్బ తగిలినది. ఆ యేటి అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగమున వీచినది. ఆ రాత్రి టెక్కలిలో మా యింటి పెంకులు ఎగురుచుండగా పిల్లలను మంచము క్రింద కూర్చుండబెట్టుకొంటిమి. తెల్లవారి మా పెరటి జీడిచెట్టు వేళ్లతో సహా పెకలి గోడపై పడియున్నది. మాకు పోయినది ఒక్క చెట్టు. ఉద్దానములో తోటలకు తోటలే నేలకొరిగినవి. కొబ్బరి, జీడి, పనస యను భేదము లేదు. తాత నాటిన చెట్టునీడను పెండ్లిండ్లు చేసికొన్న కుటుంబములు ఒక్క రాత్రిలో కూలిపనికి వెడలినవి. గింజమొక్క సరిగా కాపునకు వచ్చుటకు ఐదారేండ్లైనను పట్టును. అంటుమొక్క మూడవయేట కాపు చూపును. ఫిలాక్సెరా వచ్చినప్పుడు ఆల్ప్స్ సీమలవారు చేసిన పనినే మా రైతులును చేయవలసియున్నది, చేయుచున్నవారును కలరు.

పిక్క మాట ఇంత చెప్పి పండును మరచుట న్యాయము కాదు. పిక్కకంటె పండు ఎనిమిది, పది రెట్లు తూగును. ఐనను పిక్క త్రుంచి పండును చెట్టు క్రిందనే పారవేయుదురు. అది కోసిన నాడే మెత్తబడును. దూరము పంపుటకు వీలులేదు. గోవాలో దాని రసమును పులియబెట్టి, బట్టీ పెట్టి, ఫెనీ అను మద్యము తీయుదురు. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ మాట మన వంటింటికి అక్కరలేదు. కాని నారింజకంటె నాలుగైదురెట్లు సీ విటమిను గల పండును ఈగలకు వదలివేయుట గృహిణుల లక్షణము కాదు. గొంతు పట్టు వగరే దీనికి దోషము. ఆ వగరు పోగొట్టు విధము వినుడు.

చెట్టుననే పండిన, దెబ్బ తగులని పండ్లను కోసిన పూటనే కడిగి, పిండి, పలుచని గుడ్డలో వడగట్టవలెను. లీటరు రసమునకు ఒక చెంచా సగ్గుబియ్యపు పిండిని కొంచెము నీటిలో గంజిగా కాచి చల్లార్చి కలిపి, చల్లనిచోట కదలించక యుంచవలెను. వగరు ఆ గంజితో పెనవేసికొని అడుగునకు దిగును. తేటను మాత్రము వంచి, చక్కెరయు నిమ్మరసమును చేర్చి త్రాగవచ్చును. ఆ దినమే వాడనిచో, తేటను పొంగు రాకుండ వేడిచేసి శుభ్రమైన సీసాలలో పోయవలెను. పండ్లను ముక్కలుగా కోసి, ఉప్పునీటిలో నానబెట్టి, ఆవిరిపై కొంచెము ఉడికించి కూరగాను, ఊరగాయగాను పెట్టవచ్చును. మా పెరటి చెట్టు నిలిచియున్న దినములలో మా యింట వేసవి యంతయు ఈ రసమే పిల్లల పానీయము.

ఆ పడిపోయిన చెట్టు స్థానమున మరుసటి వానకాలములోనే మా వారు ఒక బీపీపీ-8 అంటు తెచ్చి నాటిరి. అది మూడవయేట ఏడు పండ్లు, ఏడు పిక్కలు కాచినది. పిక్కలను పలాసలో వొలిపించి తెచ్చి ఉగాది పాయసములో వేసితిమి. పిల్లలు తమ పాలి పప్పును లెక్కపెట్టుకొని తినుచుండగా, మేము పలాసలో చూచిన ఆ చేతిని గురించి వారికి చెప్పితిమి. వారు మాట్లాడక వినిరి. పెద్దది మాత్రము, "అయితే అమ్మా, ఆవిడకు పంపవద్దా?" అని యడిగినది.

సోదరీమణులారా! ద్రాక్షకు, అరటికి, కొబ్బరికి ఆలంకారికులు పాకములు చెప్పిరి. ఒకరి చేయి కాలినగాని మరియొకరి నోట తీపి కానట్టి ఈ పప్పునకు మాత్రము వారు పేరు పెట్టలేదు. పేరున్నను లేకున్నను ఆ తీపి వెనుకనున్న చేతిని మనము మరువరాదు. అంగడిలో గుండుపప్పు ధర బేరమాడునప్పుడు, 700 మారులు కత్తెర నొక్కిన ఆ చేతిని ఒక్కమారు తలచుకొనుడు. మీలో కర్మాగారముల యజమానుల యిండ్లవారెవరైన నున్నచో, పిక్క పట్టు దొరకు మంచి తొడుగులు కొని యిండని మీవారితో చెప్పుడు. పెండ్లిపంక్తిలో నల్లని వ్రేళ్లు గల స్త్రీ మీ పక్కన కూర్చున్నచో, ఆమె చేయి దాచుకొనవలసిన అవసరము లేకుండ చూడుడు. ఇంతకంటె పెద్ద సంస్కారము మేమెరుగము.